నడిగడ్డ పత్తి మీద ఎవరి సుంకం?

అబ్రహాం లింకన్ 1846లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. 1847 డిసెంబర్‌లో సభలో కూర్చునే లోపు తన కోసం తాను కొన్ని కాగితాలు రాసి పెట్టుకున్నాడు. అవి అచ్చు కోసం రాసినవి కావు, ఉపన్యాసం కూడా కాదు. విదేశీ సరుకు మీద సుంకం వేయాలా వద్దా అని తనలో తాను వాదించుకుంటూ రాసుకున్న ముక్కలు. వాటిలో పత్తి ప్రస్తావన ఒకటి ఉంది. అమెరికాలో పండిన పత్తి ఓడెక్కి ఇంగ్లండు పోతుంది. అక్కడ దారమై, బట్టై, రంగు పూసుకుని మళ్లీ సముద్రం దాటి వస్తుంది. ఆ పత్తి పండించిన నేల మీదే, కొంతవరకు పండించిన మనుషులే దాన్ని కట్టుకుంటారు. అలాంటప్పుడు పండిన చోటే వడికి నేస్తే ఈ రానుపోను మోత తప్పుతుంది కదా అన్నది లింకన్ ప్రశ్న.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న మన నడిగడ్డలో, గద్వాల, మల్దకల్, అయిజ, గట్టు, అలంపూర్ ప్రాంతాల్లో పత్తి పండించే ఎవరికైనా ఆ ప్రశ్న తమ కోసమే రాసినట్టు అనిపిస్తుంది. ఇక్కడ పత్తి ఉంది, మగ్గం ఉంది. రెంటి మధ్య దారం మాత్రం ఎప్పుడూ బయటి నుంచే వస్తుంది. సుంకాల గురించి పాలకులు రాసిన రాతలను, వాటి ఫలితం ఈ రెండు నదుల మధ్య ఎలా పడిందో ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. సుంకం మంచిదా చెడ్డదా అని మాత్రమే అడుగుతూ పోతే ఈ ప్రశ్న తేలదు. ఎవరిని అడిగి వేశారు, ఎప్పుడు చెప్పారు, దాని వల్ల వచ్చిన లాభం ఏ ఇంటికి చేరింది అన్నవి చూస్తేనే తేలుతుందని నా అభిప్రాయం.

లింకన్ వాదం పైకి కనిపించేంత అమాయకం కాదు. ఆయన శ్రమను మూడు రకాలుగా విడదీశాడు. పనికొచ్చే శ్రమ, పనికిరాని శ్రమ, సోమరితనం. దగ్గర్లో అంతే తేలిగ్గా తయారయ్యే సరుకును దూరం నుంచి మోసుకురావడం రెండో రకం. ఆ మోతకు పెట్టే ఖర్చంతా చివరికి కష్టం చేసేవాడి చేతి నుంచే పోతుందని ఆయన లెక్క. అంతకుముందు 1791లో అలెగ్జాండర్ హామిల్టన్ పరిశ్రమల మీద ఇచ్చిన నివేదిక, ఆ తర్వాత హెన్రీ క్లే నడిపిన రక్షణ సుంకాల రాజకీయం, ఈ రెంటి వారసత్వం లింకన్‌ది. 1846లో అమెరికా సుంకాలు బాగా తగ్గించింది. ఆ కాగితాలు దానికి జవాబు.

అయితే అందులో ఒక పెద్ద ఖాళీ ఉంది. అప్పట్లో అమెరికా దక్షిణాదిలో పత్తి పండించింది ఎక్కువగా బానిసలు. సుంకం పెంచినా తగ్గించినా అది వాళ్లకు కూలిగా చేరే దారే లేదు. పొలం యజమానులకు సుంకాలంటే గిట్టదు. దక్షిణ కరొలైనా 1832లోనే ఆ సుంకాలు తమకు చెల్లవని తీర్మానించింది. అంటే ఒకే దేశంలో ఒకే సుంకం ఒకరికి రక్ష, ఇంకొకరికి శిక్ష. మూడోవాడికి దానితో సంబంధమే లేదు. లింకన్ కూడా దీని మీద మొండిపట్టు పట్టలేదు. అధ్యక్ష పదవి చేపట్టడానికి వెళ్తూ 1861 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్‌లో ఆగినప్పుడు, ఈ విషయంలో తన ఆలోచన ఇంకా పూర్తిగా పండలేదని సభలోనే ఒప్పుకున్నాడు.

లింకన్ పేరు మీద తిరిగే మరో మాట ఉంది. పట్టాలు ఇంగ్లండులో కొంటే మనకు పట్టాలు, వాళ్లకు డబ్బు వస్తాయి, మన దగ్గరే కొంటే పట్టాలూ డబ్బూ రెండూ మనవే అన్నది దాని భావం. సుంకాల చరిత్ర మీద అధికారిగా పేరున్న ఫ్రాంక్ టౌసిగ్ నూరేళ్ల కిందటే ఇది లింకన్ మాట అనడానికి ఆధారం లేదని చూపించాడు. అయినా అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. సుంకాల మీద చర్చలో పెద్దల పేరు చెప్పి నోరు మూయించే అలవాటు ఏ దేశంలోనైనా ఉంది. అందుకే అసలు కాగితం చదవాలి.

మన దగ్గర అలాంటి అసలు రాత కాగితం మీద లేదు, రాతి మీద ఉంది. బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అది. అంతకుముందు రాజులు తుఫానుకు ఓడ ఒడ్డున పడితే అందులోని సరుకంతా లాక్కునేవారట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాని, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని అభయం ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్ఫయ్యో వంతు సుంకం. మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, పట్టుదారం వంటి సరుకులకు లెక్కలు విడివిడిగా చెక్కించాడు. ఆ తర్వాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు.

నన్ను ఎక్కువ ఆకట్టుకునేది అందులోని ముప్ఫయ్యో వంతు కాదు. లెక్కను బాటసారికి కూడా కనబడేలా రాతి మీద పెట్టడం. ఓడ బయలుదేరకముందే రేవులో తనకేం పడుతుందో వర్తకుడికి తెలుస్తుంది. అధికారి మారినా, రాజుకు కోపం వచ్చినా ఆ రాయి మారదు. ఇది రాజు దయ అనుకోనక్కరలేదు, వర్తకులు రాకపోతే ఖజానా నిండదని తెలిసిన రాజు లెక్క. అయినా ఆ లెక్కలో ఒక న్యాయం ఉంది. మార్కో పోలో ఈ తీరానికి వచ్చేసరికి రుద్రమదేవి పాలన. ఇక్కడి సన్నని నూలు బట్టలను ఆయన మెచ్చుకుంటూ రాశాడు.

అక్కడి నుంచి నడిగడ్డకు వద్దాం. కృష్ణ, తుంగభద్రల మధ్య ఈ నేల శతాబ్దాలుగా సరిహద్దు నేల. గద్వాల సంస్థానం నిజాంకు కప్పం కట్టేది. 20వ శతాబ్దం మొదట్లో 214 గ్రామాలు, 96 వేల పైచిలుకు జనాభా, ఏడాదికి 86,840 రూపాయల కప్పం. సొంత నాణెం కూడా కొట్టించుకున్న సంస్థానం ఇది, ఆ నాణెం రాయచూరు జిల్లాలో చెల్లేది. తుంగభద్రకు దక్షిణ గట్టు 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసిన దత్త మండలాల్లో చేరింది. 1839లో కర్నూలు నవాబు పాలన కూడా పోయింది. దాంతో నది ఒడ్డున నిలబడి చూస్తే కనిపించే ఆవలి గట్టు వేరే రాజ్యం. కర్నూలు నుంచి తుంగభద్ర దాటి మల్దకల్ తిమ్మప్ప జాతరకు సరుకు తెచ్చే బండి పరాయి రాజ్యం నుంచి వచ్చిన బండి కిందే లెక్క.

ఈ సరిహద్దు మీద సుంకం ఎంతో నిర్ణయించిన కాగితం 1802 ఏప్రిల్‌లో హైదరాబాదులో రాశారు. అప్పటి కంపెనీ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్, పాలకుడు నిజాం అలీ ఖాన్. ఇరుపక్కలా సరుకు మీద నూటికి 5 చొప్పున ఒకేసారి సుంకం. దారి పొడుగునా జమీందారులు వసూలు చేసే బాట సుంకాలు రద్దు. నిజాం వర్తకులకు మచిలీపట్నం రేవు వాడుకునే హక్కు. చదివితే సమానుల మధ్య ఒప్పందంలానే ఉంటుంది. అసలు తేడా తర్వాత బయటపడింది. కంపెనీ, దాని తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం తమ రేవుల్లో సుంకాలు ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నాయి. హైదరాబాదు రాజ్యానికి మాత్రం ఆ 5 శాతమే గట్టు. రేవు లేని రాజ్యం, సుంకం పెంచుకునే స్వేచ్ఛ లేని రాజ్యం.

రాజ్యం లోపల కూడా బాట సుంకాలు వెంటనే పోలేదు. దశాబ్దాల పాటు సుంకాలు వేలంపాటలో గుత్తకిచ్చారు. ఒక్కో జాగీరు గట్టు దాటినప్పుడల్లా బండి ఆగాల్సిందే. 1853లో దివాన్ అయిన సాలార్‌జంగ్ ఆ గుత్తలు ఎత్తేసి, లోపలి సుంకాలు తగ్గించి, వసూలును రాజ్యం సరిహద్దుకు జరిపాడు. అదే జనం నోట కరోడ్‌గిరి. సరిహద్దు ఊళ్లలో కరోడ్‌గిరి నాకా అంటే బండి దిగి మూటలు విప్పాల్సిన చోటు. శాతం తక్కువే అయినా మూట విప్పించే అధికారం ఎవరి చేతిలో ఉందో అదే జనానికి గుర్తుండిపోయింది.

ఇంతలో లింకన్ మళ్లీ ఈ కథలోకి వస్తాడు, ఈసారి అధ్యక్షుడిగా. 1861 ఏప్రిల్‌లో ఆయన దక్షిణాది రేవుల దిగ్బంధం ప్రకటించాడు. అమెరికా పత్తి ఆగిపోయి మాంచెస్టర్ మిల్లులు దక్కను పత్తి వైపు తిరిగాయి. ధరలు ఆకాశానికెగిరాయి, యుద్ధం ముగియగానే అంత వేగంగానూ పడిపోయాయి. పత్తికి పేరున్న బేరారును సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లోనే నిజాం చేతుల్లోంచి తీసుకున్నారు. 1871లో రాయచూరులో బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు కలిశాయి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ దోఆబు పత్తి బస్తాలకు ఇక రేవు దగ్గరైంది. పండిన నేల నుంచి సముద్రం దాటి పోయి, బట్టై తిరిగి వచ్చే ఆ దారిని లింకన్ తన కాగితాల్లో తప్పుపట్టాడు. అదే దారి ఇప్పుడు నడిగడ్డ గుమ్మం దాకా వచ్చింది.

బ్రిటిష్ ఇండియా సుంకాల చరిత్ర తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల ఒత్తిడికి 1882లో దిగుమతి సుంకాలు దాదాపు మొత్తం ఎత్తేశారు. ఖజానాకు డబ్బు కావాల్సి వచ్చి 1894లో మళ్లీ వేశారు. 1896లో విదేశీ బట్ట మీద మూడున్నర శాతం వేస్తూ, మన మిల్లుల్లో నేసిన బట్ట మీద కూడా సరిగ్గా అంతే ఎక్సైజు వేశారు. అంటే రక్షణ ఏ మాత్రం మిగలకుండా చూశారు. రొమేశ్ చంద్ర దత్తు 1900ల మొదట్లో రాసిన భారత ఆర్థిక చరిత్రలో దీన్ని ఎండగట్టాడు. ఆ ఎక్సైజు పూర్తిగా పోవడానికి 1926 దాకా పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు 5 శాతం ఉన్న సాధారణ దిగుమతి సుంకం 1922 నాటికి 15కు చేరింది. ఆ ఏడాదే ఇబ్రహీం రహీంతుల్లా అధ్యక్షతన ఫిస్కల్ కమిషన్ ఎంపిక చేసిన పరిశ్రమలకే రక్షణ ఇవ్వాలని సూచించింది.

ఈ దశలోనే సంస్థానాల ప్రజల మీద రెండు పూటల సుంకం పడిందని నేను అంటాను. బొంబాయి రేవులో దిగిన సరుకు ధరలో బ్రిటిష్ సుంకం ముందే కలిసిపోయి ఉంటుంది. అది హైదరాబాదు సరిహద్దుకు వచ్చాక కరోడ్‌గిరి. మొదటి సుంకం డబ్బు ఢిల్లీ ఖజానాకు, రెండోది నిజాం ఖజానాకు. కట్టేది మాత్రం కొనుక్కునే ఒకే మనిషి. ఢిల్లీ సుంకాలు నిర్ణయించే సభలో ఈ ప్రాంతపు రైతుకూ నేతగాడికీ నోరు లేదు, నిజాం దర్బారులోనూ లేదు. 1927లో నియమించిన బట్లర్ కమిటీ ముందు సంస్థానాధీశులు పెట్టిన ప్రధాన ఆర్థిక ఫిర్యాదు ఇదే. సముద్ర సుంకాల్లో తమకు వాటా కావాలన్నారు. వారు అడిగింది రాజుల వాటా. తమ ప్రజల మాటేమిటన్న ప్రశ్నకు ఆ చర్చలో చోటు దొరకలేదు. దీన్ని సుంకాల చరిత్రలో చిన్న విషయంగా రాసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇది దాని గుండెకాయ.

నడిగడ్డ నుంచే వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టి, రాజుల పేర్ల కన్నా జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం పన్ను కట్టారన్నది చరిత్ర అని నమ్మి పనిచేశారు. ఆయన చూపుతో నడిగడ్డ కరోడ్‌గిరి చరిత్రను ఇంకా ఎవరో ఒకరు రాయాలి.

1947, 1948లలో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాల నుంచి వచ్చిన వాళ్లు కరోడ్‌గిరి నాకాల మీద దాడులు చేశారు. అది యాదృచ్ఛికం కాదు. రాజ్యం ఊళ్లో రోజూ కనిపించేది ఆ నాకాలోనే. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 301వ అధికరణంలో దేశమంతటా వాణిజ్యం స్వేచ్ఛగా సాగాలని రాసుకుంది. దాని వెంటే 306వ అధికరణంలో హైదరాబాదు వంటి రాష్ట్రాలు కొంతకాలం లోపలి సుంకాలు కొనసాగించవచ్చని వెసులుబాటు పెట్టింది. ఒక్కసారిగా ఎత్తేస్తే ఖజానా కూలుతుందని భయం. 1956లో ఏడో సవరణ ఆ 306ను తొలగించింది. ఆ ఏడాది నవంబర్ 1నే గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లా నుంచి మహబూబ్‌నగర్‌కు వచ్చాయి. తుంగభద్ర రెండు గట్లూ ఒకే రాష్ట్రంలోకి చేరాయి.

2014లో తుంగభద్ర మళ్లీ రాష్ట్ర సరిహద్దయింది. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. అయితే వడ్ల కొనుగోలు కాలంలో పక్క రాష్ట్రాల లారీలు సరిహద్దులో ఆగుతున్న వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. రెండు వైపులా ధర వేరైతే గట్టు దానంతటదే కాపలా కోరుతుంది.

ఇప్పుడు గద్వాల చీరను దగ్గరగా చూద్దాం. ఒంటి భాగం నూలు, అంచులు పట్టు, కొంగు పట్టు. నూలు ఒంటిని పట్టు అంచుతో పోగు పోగుకీ కలుపుతూ మూడు నాడెలతో నేస్తారు. ఆ కలిపే పనే కుట్టు. చీరను తిరగేసి అంచు దగ్గర వేలితో రాస్తే ఆ కుట్టు తెలుస్తుంది, ఆ వరుసలో నేతగాడి రోజులు ఉన్నాయి. గద్వాలతో పాటు రాజోలి, అయిజ, గట్టు వంటి చోట్ల ఈ నేత బతికి ఉంది. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీరలోకి వచ్చే పట్టు కర్ణాటక నుంచి, జరీ సూరత్ నుంచి, నూలు దారం బయటి మిల్లుల నుంచి. చీర పేరు, నేసే చెయ్యి మాత్రమే ఇక్కడివి.

కాబట్టి పట్టు మీద దిగుమతి సుంకం మారితే ఆ కదలిక గద్వాల మగ్గం దాకా వస్తుంది. 2011 బడ్జెట్‌లో ముడి పట్టు మీద సుంకాన్ని 30 శాతం నుంచి 5కు దించారు. చైనా పట్టు చౌక కావడంతో కర్ణాటక పట్టుగూళ్ల రైతులు రోడ్డెక్కారు. 2013లో 15కు పెంచారు. ఆ తర్వాతా మారుతూనే ఉంది. పట్టు ధర తగ్గితే నేతగాడికి మేలే కదా అని అనిపిస్తుంది. కానీ ఎక్కువ మంది నేతగాళ్లు మాస్టర్ వీవర్ ఇచ్చిన పట్టు మీద కూలికి నేసేవాళ్లు. ధర తగ్గినప్పుడు ఆ లాభం కూలిలోకి రాదు. ధర పెరిగి చీర అమ్ముడుపోనప్పుడు మాత్రం మగ్గం ఆగుతుంది. అమెరికా పత్తి పొలాల్లో చూసిన లోటే ఇది. సుంకం ఫలం కూలీ దాకా దిగే దారి ఎవరూ వేయలేదు.

పత్తి సంగతి మరీ సూటిగా తగులుతుంది. నడిగడ్డలో మామూలు పత్తితో పాటు విత్తనం కోసం పండించే సీడ్ పత్తి సాగు పెద్దది. మల్దకల్, ధరూర్, గట్టు, అయిజ పొలాల్లో సాయంత్రం ఆడ వరుస మొగ్గలు విప్పి కేసరాలు తీసేస్తారు, తెల్లారాక మగ వరుస పూలు తెచ్చి ఒక్కో పువ్వుకు చేత్తో పుప్పొడి రాస్తారు. దాన్నే క్రాసింగ్ అంటారు. ఈ పనంతా చాలావరకు ఆడవాళ్ల చేతుల మీద నడుస్తుంది. రైతుకూ కంపెనీకీ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. దేశంలో పత్తి సాగు తగ్గితే విత్తనం గిరాకీ తగ్గుతుంది, విత్తనం గిరాకీ తగ్గితే ముందుగా ఈ పొలాల్లో ఒప్పందాలే తెగుతాయి.

2025 ఆగస్టులో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఉత్తర్వులతో ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం సుంకం పడింది. అమెరికాకు వెళ్లే వస్త్ర ఎగుమతులకు దెబ్బ తగిలింది. అవి కుదేలవకుండా ముడి పత్తి చౌకగా దొరకాలని కేంద్రం పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఎత్తేసింది. ఆ వెంటనే గడువును డిసెంబర్ 31కి పొడిగించింది. ఆ 11 శాతం 2021 బడ్జెట్‌లో పత్తి రైతు పేరు చెప్పి వేసినదే.

ఎగుమతి మిల్లులను కాపాడాలనుకోవడం తప్పని నేను అనను. వాటిలో పనిచేసే లక్షల మంది కూలీల బతుకు కూడా ఈ లెక్కలోదే. తప్పు ఎక్కడంటే, ఈ నిర్ణయం వచ్చేసరికి తెలంగాణ చేలల్లో పత్తి పూత కాయ దశలో ఉంది. జూన్‌లో విత్తనం వేసినప్పుడు రైతుకు తెలిసిన సుంకం 11. అక్టోబర్‌లో దూది తీసేసరికి సున్నా. అప్పటికి వెనక్కి తిరిగే దారి రైతుకు లేదు. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఉండేది గానీ, తేమ 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. దూది తీసే దాకా వానలు సాగిన ఏడు తేమను ఆ లోపు ఉంచడం ఎంత కష్టమో పత్తి తీసినవాళ్లకు తెలుసు. మద్దతు ధరకూ బయటి ధరకూ ఉన్న తేడా అంతా దళారి చేతిలో పడుతుంది.

ఇన్ని రాతలు చదివాక నా తీర్పు ఇది. పండిన చోటే వడికి నేయాలన్న లింకన్ ప్రశ్న సరైనదే, కానీ సుంకం ఒక్కటే దానికి జవాబు కాలేదు. పక్కన వడికే మిల్లు, నేసే మగ్గానికి న్యాయమైన కూలి లేకపోతే ఎంత రక్షణ గోడ కట్టినా నడిగడ్డ పత్తి బయటికే పోతుంది, దారం బయటి నుంచే వస్తుంది. 1802 ఒప్పందం, 1896 సుంకం, 2025 నోటిఫికేషన్, ఈ మూడింటిలో శాతాలు వేరు. పొలంలో మగ్గంలో ఉన్నవాళ్లను అడగకపోవడం మాత్రం మూడింటిలోనూ ఒకటే.

అందుకే ఢిల్లీలో ఉన్నవాళ్లను, ఈ ప్రాంతం నుంచి పార్లమెంటుకు వెళ్లినవాళ్లను కోరేది ఒకటుంది. పత్తి మీద సుంకం పెంచినా తగ్గించినా ఆ మాట మే నెలాఖరు లోపు, విత్తనం భూమిలో పడకముందే చెప్పండి. చెప్పాక పంట అమ్ముడయ్యే దాకా మార్చకండి. తప్పనిసరై మార్చాల్సి వస్తే ఆ నష్టాన్ని మద్దతు ధర కొనుగోలులో రైతుకు కట్టివ్వండి.